మూలనున్న ట్రెడ్‌మిల్

ఆ జిమ్ములో మూలన పడున్న పాత ట్రెడ్‌మిల్‌నే ఎంచుకోవడానికి కస్నడి పైకి చెప్పిన కారణం వేరు, అసలు కారణం వేరు. పైకి చెప్పింది విని అందరూ మెచ్చుకున్నారు. అసలుది భార్యకు కూడా చెప్పలేదు.

కెదిరి ఊరి బస్టాండు పక్కన ఆయనకు సోతో కొట్టు ఉంది. పసుపు పచ్చటి కోడి పులుసు అన్నం మీద పోసి ఇస్తాడు. పొద్దున్నే గుండిగ మూత తీసి రుచి చూస్తాడు. మధ్యాహ్నం ఉప్పు చాలిందో లేదో చూస్తాడు. సాయంత్రం అడుగున మిగిలింది పారేయడానికి మనసొప్పక తినేస్తాడు. ఏళ్ల తరబడి అలా రుచి చూసీ చూసీ పీపాలా తయారయ్యాడు. దానికెప్పుడూ బాధపడలేదు. పులుసు అమ్మేవాడు బక్కచిక్కి ఉంటే తినేవాడికి నమ్మకం కలగదని నవ్వేసేవాడు.

ఈ ఏడు హజ్ యాత్రకు ఆయన పేరూ, భార్య సుతినా పేరూ వచ్చాయి. పేర్లు రాయించుకున్న రోజుల్లో చిన్నకూతురు బడికి పోనని మారాం చేసేది. ఇప్పుడు దాని పిల్లలు చేస్తున్నారు. అంతకాలం కాచుకున్నాక సర్కారు ఆస్పత్రి డాక్టరమ్మ ఆయన్ని తూకం మీద నిలబెట్టి పెదవి విరిచింది. ఆ ఊళ్లో పెద్దవాళ్లలో మగవాళ్లను బపక్ అనీ, ఆడవాళ్లను ఇబు అనీ పిలుస్తారు.

"ఇంత ఒళ్లేసుకుని ఆ ఎండలో నడవలేరు బపక్. తగ్గి రండి. రంజాను ముందర మిమ్మల్ని నడిపించి చూస్తాం. తట్టుకోలేకపోతే పంపడం కుదరదు."

అందులో ఆఖరి మాటొక్కటే కస్నడి చెవికెక్కింది.

రోడ్డు మీద నడుద్దామని చూశాడు. బస్టాండు డ్రైవర్లు బతకనివ్వలేదు. "తప్పుకోండ్రోయ్, కొట్టే నడిచొస్తోంది" అని ఒకడు, "బపక్, ఎదురుగా వస్తే లైటెయ్యాలి మరి" అని ఇంకొకడు. రెండో వారానికల్లా ఆ పని మానేసి, ఫోన్ల షాపు మీదున్న జిమ్ము మెట్లెక్కాడు.

అక్కడ కసరత్తు నేర్పే పిల్ల పేరు నింగ్రుమ్. రెక్క పట్టుకుంటే విరిగేలా ఉంటుంది కానీ మాట గట్టిది. ఒక్కో మిషన్ దగ్గరికీ తీసుకెళ్లి చూపించింది.

"మీ మోకాళ్లకి సైకిలే మంచిది బపక్. ఒంటి బరువంతా సీటు మోస్తుంది."

"సీటుకి చెప్పావా ఈ సంగతి?"

"మీకంటే లావుపాటివాళ్లనే మోసింది లెండి. పోనీ ఇది చూడండి, ఎలిప్టికల్. పాదం ఎత్తక్కర్లేకుండా మెట్లెక్కినట్టుంటుంది. చేతులూ ఆడతాయి. కొవ్వు తొందరగా కరుగుతుంది."

"కోతి కొబ్బరిచెట్టు ఎక్కుతున్నట్టుంది. ఆ పొడుగుదేంటి?"

"పడవ తెడ్డేసినట్టు లాగాలి దాన్ని."

"పులుసు అమ్ముకునేవాణ్ని తల్లీ, చేపలు పట్టేవాణ్ని కాదు."

చివరికి సైకిలెక్కాడు. పిడుల మీద మెరుస్తున్న ఇనప రేకులున్నాయి. "చేతులు వీటి మీదే ఉంచండి. గుండె ఎంత కొట్టుకుంటోందో అది చెబుతుంది" అంది నింగ్రుమ్. కాసేపు బాగానే తొక్కాడు. అంకె పెరిగింది. ఇంకా పెరిగి ఎర్రగా మారింది. మిషన్ కీచుకీచుమంది. సరిగ్గా అప్పుడే రొమ్ము ఎముక వెనక ఎవరో పిడికిలి బిగించినట్టయింది. ఆ బిగువు ఎడమ దవడ దాకా పాకింది. చెమట తుడుచుకునే వంకతో కస్నడి రేకుల మీంచి చేతులు తీసేశాడు. లోపలి పిడికిలి వదల్లేదు. మిషన్ మాత్రం నోరు మూసుకుంది.

ఎలిప్టికల్ కూడా అలాగే కూసింది.

మూలనున్న ట్రెడ్‌మిల్ బెల్టు అంచులు పోగులు లేచాయి. "అది పాతది బపక్. నడక వరకు పరవాలేదు గానీ గుండె చూపించదు" అంది నింగ్రుమ్.

కస్నడి వెళ్లి దాని మీద నిలబడ్డాడు. "మక్కాలో సైకిలు తొక్కరమ్మా, నడుస్తారు. నాకిదే కావాలి."

ఆ మాటకు చుట్టుపక్కలవాళ్లంతా తలలూపారు. నింగ్రుమ్ కూడా ఊపింది.

ఆ రోజు నుంచి తప్పకుండా నడిచాడు. వేపుళ్లు మానేశాడు, పులుసు రుచి చూసే పని కొట్లో కుర్రాళ్లకు అప్పగించాడు. ఒళ్లు తగ్గింది. పిడికిలి మాత్రం రోజూ వచ్చేది. దాన్ని ఎలా దాటేయాలో ఆయనకు పట్టుబడింది. అది రాబోతుండగా వేగం తగ్గించాలి. అప్పటికీ ఆగకపోతే దిగి, వంగి, బూటు లేసు కట్టుకోవాలి. లేసు కట్టుకునేవాణ్ని చూసి ఎవరూ ఏమీ అనుకోరు. ఒంటికి నడక ఎంత అబ్బిందో గానీ ఈ విద్య మాత్రం బాగా అబ్బింది.

అది గాలి అని ఆయన నమ్మకం. చెమట మీద ఫ్యాను కింద కూర్చున్నా, వానలో తడిసినా ఒంట్లోకి గాలి చేరుతుందని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. వీపుకు ఘాటు నూనె రాసి నాణెంతో గీకితే చారలు ఎర్రగా తేలతాయి. ఎర్రబడిందంటే గాలి బయటికి పోతున్నట్టు, ఎర్రబడలేదంటే లోపలే చిక్కుకున్నట్టు. ఒంట్లో తిరిగే గాలికి ఎవరూ భయపడరు. కూర్చున్న గాలికే భయం. ఎదురు వీధిలో పంచర్లు వేసే సరిమిన్ టీ తాగుతూ తాగుతూ గ్లాసు చేతిలో ఉండగానే పోయాడు. గాలి కూర్చుంది అన్నారు.

రోజూ సాయంత్రం నమాజు అయ్యాక సుతినా మొగుడి వీపు గీకేది. మొదట్లో చారలు కుంకుమ రంగులో తేలేవి. "చూశావా, ఎంత గాలో" అనేవాడు కస్నడి తృప్తిగా. రానురాను ఆ రంగు పల్చబడింది. ఒకరోజు ఆమె ఇంకాస్త అదిమి గీకింది. చర్మం తెల్లగా ఒత్తుకుపోయి మళ్లీ మామూలైంది. ఆయన మాత్రం ఛాతీ రుద్దుకుంటూనే ఉన్నాడు.

మర్నాడు సుతినా కూడా జిమ్ముకు వచ్చింది.

"నేనూ నడవాలిగా అక్కడ" అంది. వెళ్లి సైకిలెక్కి నింపాదిగా తొక్కుతూ కూర్చుంది. చూపు మాత్రం మూల మీదే ఉంది. ఆయన వేగం తగ్గించడం చూసింది, దిగి వంగడం చూసింది. అప్పుడు పిలిచింది.

"ఇలా రండి. నా అంకె చూడండి ఎంత ముద్దుగా ఉందో. మీదెంతో చూద్దాం."

"నాకెందుకిప్పుడు?"

"పట్టుకోమన్నాను."

నలుగురూ చూస్తున్నారు. కస్నడి రేకులు పట్టుకున్నాడు. అంకె మెట్లెక్కినట్టు ఎక్కి ఎర్రబారింది. మిషన్ కూసింది. నింగ్రుమ్ పరుగున వచ్చింది.

"బపక్, ఛాతీలో ఏమైనా పట్టేసినట్టుందా?"

"గాలమ్మా."

"గాలైనా సరే, డాక్టరుకి చెప్పండి. చెప్పేదాకా నేను మిమ్మల్ని ఏ మిషనూ ఎక్కనివ్వను."

ఇద్దరూ ఇంటికి బయలుదేరారు. నది వంతెన దగ్గర ఆయనే ఆగాడు. ఆయాసం తీరేదాకా నీళ్లు చూస్తున్నట్టు నటించాడు.

"చెబితే ఏమవుతుందో తెలుసా ఇబు? ఆపేస్తారు. వైద్యం అంటారు, వచ్చే ఏడు చూద్దాం అంటారు. వచ్చే ఏడు నేనుంటానో లేదో."

"చెప్పకపోతే ఈ ఏడు ఉంటారా?"

"అక్కడ పోతే అదృష్టం. ఇక్కడ సోతో గుండిగ దగ్గర పోవడం నాకిష్టం లేదు." వంతెన రెయిలింగు పట్టుకుని, "నన్ను ఆపేస్తే నువ్వెళ్లు" అన్నాడు.

"మిమ్మల్ని ఇక్కడ వదిలేసి నేను అక్కడ ఏ మొహంతో ప్రార్థన చేయను?" అంది సుతినా. ఆ కోపం ఆయన మీదో, తన మీదో, ఆమెకే తెలియలేదు. అన్నేళ్లు కాచుకున్నది ఆయన ఒక్కడే కాదు.

పరీక్ష రోజు పొద్దున ఆయన బూట్ల లేసులు తనే కట్టింది. రెండేసి ముళ్లు వేసి బిగించింది. విప్పాలంటే గోళ్లు విరగాలి.

ఆస్పత్రిలో పడుకోబెట్టి ఈసీజీ తీశారు. పడుకున్నంతసేపూ ఆ గుండె బుద్ధిగానే కొట్టుకుంది. తరవాత ఆవరణలో నడవమన్నారు. కస్నడి నడిచాడు. చెట్టు దాకా వెళ్లి వంగి లేసు కట్టుకున్నాడు. గేటు దాకా వెళ్లి మళ్లీ వంగాడు. సుతినా బల్ల మీద కూర్చుని తను వేసిన ముళ్ల వంక చూసింది. చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"బాగా తగ్గారు బపక్, శభాష్" అంది డాక్టరమ్మ. "నడుస్తున్నప్పుడు ఛాతీలో బరువు గానీ, నొప్పి గానీ?"

"ఏమీ లేదండీ."

డాక్టరమ్మ సుతినా వైపు తిరిగింది. "ఇంట్లో ఎలా ఉంటున్నారు ఇబు? మీ దగ్గర దాచరు కదా."

ఆయన ఆమెను చూడలేదు. నేలకేసి చూస్తున్నాడు. మెడ మీద చెమట చుక్కలు కట్టింది. సుతినా నోరు తెరిచింది. ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకే యాత్రకని పెట్టెలో మడత పెట్టి దాచుకున్న తెల్లబట్టలూ, పేర్లు వచ్చాయని తెలిసిన రోజున చిన్నపిల్లాడిలా ఏడ్చిన ఈ మనిషి మొహమూ వచ్చాయి.

"కాస్త గాలి చేరుతుందమ్మా. అంతే" అంది.

డాక్టరమ్మ నవ్వింది. ఆ ఊళ్లో గాలి చేరని మనిషి ఎవరు? కాగితం మీద ముద్ర పడింది.

ఆ సాయంత్రం కస్నడి చొక్కా విప్పి బోర్లా పడుకున్నాడు. డాక్టరమ్మ అన్న మాటలు అటూ ఇటూ తిప్పి చెబుతూ నవ్వుతున్నాడు. సుతినా నూనె రాసి నాణెం తీసుకుంది. వెన్ను పక్క నుంచి కిందికి గీకింది. చార తేలలేదు. మళ్లీ గీకింది. మోకాలు ఆనించి, బలమంతా పెట్టి గీకింది. నూనె కింద ఆ వీపు మైనంలా పాలిపోయి ఉంది.

"ఎర్రబడిందా?" అన్నాడాయన దిండులోంచి.

సుతినా నాణెం వంక చూసింది.

"బాగా ఎర్రబడింది" అంది.