పిడుగు మెసేజీ వచ్చిన పూట

పెన్‌పహాడ్ మండలంలో నాట్లు మొదలైతే ఏసమ్మ ముఠాకు తీరిక ఉండదు. ఊరి ఆడవాళ్లు ఆమె మాట మీద మడిలో దిగుతారు, ఆమె మాట మీదే ఒడ్డెక్కుతారు. ఏసమ్మది పెద్ద గొంతు. చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే, రైతులతో పేచీ పెట్టుకునేదీ ఆమే.

కిందటేడు నాట్లప్పుడు దగ్గర్లోని తాటిచెట్టు మీద పిడుగు పడింది. ఏసమ్మ పక్కనే వంగి ఉన్న సైదమ్మ ఎగిరి బురదలో పడింది. ఆటోలో వేసుకుని మిర్యాలగూడ దవాఖానకు పరిగెత్తారు. ప్రాణం దక్కింది గానీ ఎడమ చెవి పోయింది, కుడి చెయ్యి వణుకుతూ ఉండిపోయింది. ఆ సాయంత్రం దవాఖాన మంచం పక్కన కూర్చున్న ఏసమ్మ ఫోన్‌కు మెసేజీ వచ్చింది. పిడుగులు పడవచ్చు, పొలాల్లో ఉండవద్దు అని. ఆమె దాన్ని రెండుసార్లు చదివి ఫోన్‌ను కొంగులో చుట్టేసింది. ఎవరిని తిట్టాలో ఆమెకు తెలియలేదు.

ఈ ఏడు కొత్త పద్ధతి వచ్చింది. టవర్ కింద ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారే, సైలెంట్‌లో పెట్టినా సరే, సైరన్‌లా మోగుతాయని చెప్పారు. మొదటిసారి మోగినప్పుడు ఏసమ్మ సంతోషపడింది. అన్నం సంచుల్లో మూలిగే ఫోన్లను బయటికి తీయించి ఒడ్డు మీద పెట్టించింది. చెయ్యి నిలవక నాటు వేయలేని సైదమ్మను వాటి దగ్గర కూర్చోబెట్టి, నారు కట్టలు అందించే పని ఇచ్చింది.

"మోగంగనే కేకెయ్యి. మిగతాది నేను సూసుకుంట," అన్నది.

రైతు జనార్దన్ పొలంలో నాట్లు పడుతుండగా ఫోన్లన్నీ మోగాయి. సైదమ్మ కేక వేసింది. ఏసమ్మ అందరినీ ఒడ్డెక్కించి ఊరి బడి వరండాలోకి తీసుకుపోయింది. పొద్దు గూకేదాకా చుక్క రాలలేదు. మధ్యలో, జిల్లా అవతలి కొసన ఉన్న కోదాడ నుంచి కూతురు స్వర్ణ ఫోన్ చేసింది.

"ఇక్కడ వర్షం దంచేస్తోందమ్మా. మీకూ పడుతోందా?"

"మాకు ఎండ కొడుతున్నది బిడ్డా. నీ వాన మాకు మోగింది."

ఆ వారమే మరోసారి అలాగే అయింది. ఇంకోసారి ఏరవతలి టవర్ సిగ్నల్ అందుకుని, పక్క జిల్లా వాన కూడా వీళ్ల ఫోన్లలోనే మోగింది. జనార్దన్ మొహం ముడుచుకున్నాడు. "నారు ముదిరిపోతున్నది ఏసమ్మా. ఫోన్ మోగినప్పుడల్లా వరండల కూసుంటే నా మడి ఎప్పుడు నిండాలె?" అన్నాడు. ముఠాలోనే నాగమణి గొణిగింది: "అక్కా, ఊకె బుగులు పెడుతున్నవ్. పైకి సూడు, మబ్బే లేదాయె."

ఏసమ్మకు ఒళ్లు మండింది. కోపం నాగమణి మీద కాదు. సూర్యాపేట బస్సెక్కి, అడిగి అడిగి ఈ మెసేజీల సంగతి చూసే ఒక ఆఫీసులో రాజ్‌కుమార్ అనే సారును పట్టుకుంది. ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. అంతా విన్నాడు.

"నీ మాట నిజమేనమ్మా. ఇప్పుడైతే జిల్లా మొత్తానికి ఒకటే మెసేజ్ పోతున్నది. మండలం వారీగా పంపే ఏర్పాటు నడుస్తున్నది."

"ఎప్పటికైతది సారూ?"

"అది నా చేతిల లేదు. పైనుంచి రావాలె."

"అందాక మోగితే లేవాల్నా, లేవొద్దా?"

సారు, "లేవమనే చెప్తనమ్మా," అన్నాడు, తనకే ఇబ్బందిగా ఉన్నట్టు.

తిరుగు బస్సులో ఉండగానే అందరి ఫోన్లూ మోగాయి. ఒక్కరూ చదవలేదు. తలా ఒక వేలితో నొక్కి ఆపేశారు. డ్రైవర్ వెనక్కి చూసి, "దీనికి వేరే పని లేదు," అన్నాడు. ఏసమ్మ కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది.

మరుసటి వారం జనార్దన్ మిగిలిన మళ్లను బీహార్ నుంచి వచ్చిన ముఠాకు ఇచ్చేశాడు. "ఆళ్లు ఆగరు," అని ముఖం మీదే చెప్పాడు. ఏసమ్మ ఎంత పెద్ద గొంతు ఉండి ఏం లాభం అనుకుంటూ, పక్కనున్న ఉపేందర్ చెలకలో పత్తి కలుపుకు ముఠాను మళ్లించింది.

అక్కడ ఉండగా ఒక మధ్యాహ్నం ఫోన్లు మోగాయి. ఈసారి పడమటి దిక్కు నల్లబడింది, గాలి తిరిగింది. ఏసమ్మ మాట పూర్తికాక ముందే ఆడవాళ్లు లేచారు. పక్క మళ్లలో బీహారోళ్ల ఫోన్లూ మోగాయి. ఒకతను జేబులోంచి తీసి చూశాడు. తెలుగు అక్షరాలు. మళ్లీ జేబులో పెట్టుకుని వంగాడు.

"ఓ అన్నా, పొండ్రి. పిడుగు, పిడుగు," అని ఏసమ్మ అరిచింది. వాళ్లు తలెత్తి చూసి నవ్వి, మళ్లీ నాటు మొదలుపెట్టారు.

"రా అక్కా, ఆళ్లు మన మడి గుంజుకున్నోళ్లు," అని నాగమణి చెయ్యి పట్టి లాగింది. ఏసమ్మ విడిపించుకుని చీర ఎగ్గట్టి మడిలో దిగింది. ముందున్న వాడి మోచెయ్యి దొరకబుచ్చుకుని, ఆకాశం చూపించి, తన చెవి మూసి, గుండె మీద కొట్టుకుని చూపించింది. వాడి నవ్వు ఆగిపోయింది. మిగతావాళ్లను పిలిచాడు. అందరూ బడి వరండా చేరేసరికి దూరంగా చెరువు దిక్కున పిడుగు పడ్డ చప్పుడుకు రేకులు అదిరాయి. సైదమ్మ ఏసమ్మకు ఆనుకుని కూర్చుంది.

వాన వెలిశాక జనార్దన్ బండి మీద వచ్చాడు. వరండాలో రెండు ముఠాలనూ చూశాడు.

"ఆళ్లను గూడ లేపినవా?" అన్నాడు.

"లేపిన. రేపు మోగినా లేపుత. నీకు నాటు ఆగొద్దంటే, మండలం వారీగ పంపుమని ఆ ఆఫీసోళ్లకు నువ్వు గూడ ఒక మాట చెప్పు. నా ఒక్కదాని మాట ఎవలు వింటరు?"

జనార్దన్ తడిసిన మళ్ల వైపు చూసి బండి తిప్పుకున్నాడు. ఆ సాయంత్రం ఎండ కాసింది. ఫోన్లు మళ్లీ మోగాయి.