శివారుకు ముందు నీరు

మా పక్కింటి తాతగారు, నీటిపారుదల శాఖ విశ్రాంత వర్క్ ఇన్‌స్పెక్టరు, మొన్న మంగళవారం ఉదయం కాఫీకి ముందే కాలం చేశారని పాఠకులకు విచారంతో తెలియజేస్తున్నాను. ముందస్తు సెలవు చీటీ లేకుండా ఆయన ఎక్కడికైనా వెళ్ళడం ఇదే మొదలు.

చాలా ఏళ్ళ కిందట నేను లా ఎంట్రన్సు ఒకసారి తప్పాను. మళ్ళీ తప్పితే పామర్రులోని మా ఎరువుల కొట్లో కూర్చోవాలని నాన్న తీర్పు చెప్పారు. అప్పీలుకు వీలు లేదు. రోజుకు పద్నాలుగు గంటల ప్రణాళిక ఒకటి గీసి, తాతగారి పరిశీలనార్థం సమర్పించాను.

“ఇందులో నిద్ర ఎక్కడుందమ్మాయ్?”

“ఇంకా మంజూరు కాలేదండీ.”

“మరి లెక్కలు?”

“ఆఖర్న. టైముంటే.”

“అదుగో, శివారు ఎండబెట్టేశావ్!”

కాలువ చిట్టచివరి పొలాలు శివారు. పైవాళ్ళు పెట్టుకోగా మిగిలితేనే వాటికి నీరు. నాకిష్టమైన లీగల్ రీజనింగ్ కాలువ మొదట్లో నిండా తడిసి ఉందని, లెక్కలు నెర్రెలు విచ్చాయని ఆయన నివేదించారు. ఆయనే కొత్త పట్టీ వేశారు: తెల్లవారి మొదటి రెండు గంటలు లెక్కలకు, తర్వాత మిగిలినవాటికి వంతులు, ఆదివారం మరమ్మతులు, అనగా తప్పిన ప్రశ్నలు మళ్ళీ చేయడం. పట్టీకి రెండు ప్రతులు: ఒకటి నా గోడకు, ఆఫీసు కాపీ ఆయన గోడకు.

మూడో వారంలో వరుసగా మూడు రోజులు పుస్తకం తెరవకుండానే ‘లెక్కలు: పూర్తి’ అని రాశాను. వారాంతాన తన కాపీలో టిక్కులు పెట్టే ముందు ఆయన ప్రహరీ మీదుగా శాతాల్లో ఒక్క ప్రశ్న అడిగారు. నేను వాళ్ళ మల్లె పందిరిని శ్రద్ధగా పరిశీలించాను.

ఆయన కోప్పడలేదు. “మా ఆఫీసులోనూ ఇంతేనమ్మా. శివారుకి నీళ్ళందాయని కాగితం వెళ్ళిపోయేది. ఓ ఏడు నేనూ చూడకుండానే సంతకం పెట్టా. చల్లపల్లి అవతలి రైతొకడు ఎండిపోయిన నారు తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, ఒక్క మాటనకుండా వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.”

మర్నాటి నుంచి పొద్దున్నే ప్రహరీ పక్కన కుర్చీ వేసుకుని, “తూము ఎత్తు, చూస్తా” అనేవారు. నేను లెక్క చేసి చూపించాకే ఆఫీసు కాపీలో టిక్కు పడేది. పరీక్ష దాకా ఒక్కరోజూ తనిఖీ తప్పలేదు. ఇందుకు ఆయనకు భత్యం ఏదీ ముట్టలేదు.

“తాతగారూ, సీటొచ్చిందండీ!” అని అరిచిన రోజున, “లెక్కల్లో ఎన్నొచ్చాయ్?” అన్నారు. చెప్పాను. తలూపి లోపలికి వెళ్ళిపోయారు. అభినందన లేకపోవడాన్ని శాఖాపరమైన అలవాటుగా భావించాను.

నిన్న ఆయన కోడలు గోడ మీది ఆఫీసు కాపీ తీసి నా చేతికిచ్చారు. “దీన్ని తియ్యనిచ్చేవారు కాదమ్మా, సున్నాలేసినప్పుడు కూడా.” అడుగున, ఫలితాల తేదీతో, ఆయన దస్తూరీ: ‘శివారుకు నీరు అందినది. స్వయముగా చూసితిని.’ కింద పూర్తి సంతకం.

కృతజ్ఞత చెప్పుకోవడానికి నమూనా పత్రమేదీ లేదు గనుక ఇలా రాస్తున్నాను. ఆ కాగితం ఇప్పుడు నేను అఫిడవిట్ల మీద సంతకాలు చేసే బల్లకు ఎదురుగా ఉంది. అన్ని గళ్ళలోనూ టిక్కులున్నాయి. మూడో వారంలో మూడు గళ్ళు మాత్రం ఖాళీ.