హాయిల్‌లో ఇనప పొయ్యి

సౌదీలో నేను పనిచేసే జుబైల్ ఆసుపత్రి నుంచి చలికాలం సెలవుల్లో ఉత్తరాన ఉన్న హాయిల్ వెళ్ళి, మాతో పనిచేసే సౌదీ నర్సు ఇంటికి భోజనానికి వెళ్ళాను. బయట ఎముకలు కొరికే చలి. అంత పెద్ద ఇల్లయినా లోపలంతా వెచ్చగా ఉంది. హాల్లో గాజు తలుపున్న ఇనప పొయ్యిలో కట్టెలు కాలుతున్నాయి. పక్కన నర్సు తల్లి ఒక్కతే కూర్చుని ఉంది. చుట్టూ కూర్చోవడానికి వేసిన దిండ్లన్నీ ఖాళీ.

"పొయ్యి భలే ఉందే," అన్నాను కాఫీ తెచ్చిన వంటామెతో. ఆమెది రాయచోటి.

"నేనే ఎంచినానక్కా. పాత గుంటపొయ్యి బూడిద ఎత్తలేక సస్తాంటి. ఏది కొనాలని పెద్దామె అడిగితే, ఇల్లంతా కాగేది కొనమన్యా."

"మంచిదేగా?"

"ఏం మంచక్కా! అప్పుడు ఈ రూమొకటే వెచ్చగా ఉన్నింది. కొడుకులు, కోడండ్లు, పిల్లోళ్ళు అందరూ ఈడే కూచుంటాండ్రి. పెద్దామె నిప్పుల మీద కాఫీ కాంచి, తన చేత్తోనే పోసిస్తాండె. ఇప్పుడు ఎవరి రూము వాళ్ళకు వెచ్చగుంది."

మా మాటలు అర్థంకాని పెద్దావిడ, పాత గుంటపొయ్యి ముందు కూర్చున్నట్టే నిప్పుల వైపు వంగి, పొయ్యి గాజు తలుపు తెరిచింది. పొగ గదిలోకి వచ్చింది. వంటామె కొంగుతో కళ్ళు తుడుచుకుంది గానీ, ఆ తలుపు మాత్రం మూయలేదు.