నాగేంద్రమ్మ మాకు చెప్పని పుండు

2018 మార్చి. పర్చూరు దగ్గర ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో నేను ఫీల్డ్ కోఆర్డినేటర్‌ని. వికలాంగుల హక్కుల కోసం పనిచేసే సంస్థ మాది. ఫీల్డ్ కోఆర్డినేటర్ అంటే పేరు పెద్దదిగానీ పని ఊళ్లు తిరగడమే. ఎవరికి సర్టిఫికెట్ రాలేదు, ఎవరి పిల్లను బడిలో చేర్చుకోలేదు, ఏ ఆఫీసుకు ర్యాంపు లేదు అని రాసుకోవడం, అర్జీ పెట్టించడం, జవాబు రాకపోతే మళ్లీ వెళ్లడం. అప్పటికి ఆ పనిలో నాకు ఆరేళ్లు. కళ్లాల్లో మిరపకాయలు ఎండే రోజుల్లో స్కూటీ మీద పోతుంటే ఆ ఘాటుకి హెల్మెట్‌లోనే తుమ్ములొచ్చేవి.

నాగేంద్రమ్మ నాకు అంతకు రెండేళ్ల ముందే తెలుసు. మిరపకాయ కోతకు కూలీలను తీసుకెళ్తున్న ఆటో కాలవ కట్ట మీద బోల్తాపడినప్పుడు ఆమె వెన్నెముక విరిగింది. అప్పుడామెకు ముప్పై ఏళ్లు. నడుము కింద కదలికా లేదు, స్పర్శా లేదు. దీన్ని పారాప్లీజియా అంటారు. భర్త శ్రీను ట్రాక్టర్ డ్రైవరు, తెల్లారితే పొలాల మీదికి పోవాలి. ఆమెకు అన్నీ చేసేది అత్త కోటమ్మ.

స్పర్శ లేని మనిషి అన్నిటికన్నా భయపడాల్సింది ప్రెషర్ సోర్‌కి. ఒకేచోట ఎక్కువసేపు ఒత్తిడి పడితే అక్కడి చర్మానికి రక్తం అందక పుండవుతుంది. నొప్పి ఉండదు కాబట్టి తెలిసేసరికి లోతుకు పోతుంది. అందుకే పడుకున్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. కూర్చున్నప్పుడు కింద మెత్తటి కుషన్ ఉండాలి, కాసేపటికోసారి చేతుల మీద బరువు వేసి ఒంటిని పైకి లేపాలి. ఇవన్నీ నేను ట్రైనింగ్‌లో నేర్చుకున్నవే. కోటమ్మకు నేర్పింది కూడా నేనే. ఆమెకు గడియారం చూడటం రాదు. టీవీలో నాలుగు సీరియళ్లు అయిపోతే కోడలిని ఒకసారి తిప్పేది. కరెంటు పోతే పక్కింటివాళ్లను టైము అడిగేది. ఆ రెండేళ్లలో నాగేంద్రమ్మ ఒంటి మీద ఒక్క మచ్చ కూడా రాలేదు.

ఆ ఏడాది కూతురి కులం సర్టిఫికెట్ కోసం నాగేంద్రమ్మ ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లింది. ఆరు మెట్లు, ర్యాంపు లేదు. ఆ సంగతి నాకు చెప్పినప్పుడు, ఒంగోలులో మేము పెడుతున్న పబ్లిక్ హియరింగ్‌లో చెప్పమని అడిగాను. అధికారుల ఎదుట బాధితులే నేరుగా మాట్లాడే సభ అది. ఇంటర్ దాకా చదువుకున్న మనిషి, అయినా మైకు పట్టుకోవడం అదే మొదటిసారి.

“మిర్చి టిక్కీ బస్తాను ఎత్తినట్టు ఇద్దరు మగవాళ్లు నన్నెత్తి లోపల పెట్టారండీ. పని అయింది. వాళ్లను తప్పుపట్టను, సాయమే చేశారు. కానీ ఎత్తేటప్పుడు నా చీర ఎక్కడిదాకా జరిగిందో నాకు తెలియలేదు. కింద స్పర్శ లేదు కదా. ఎదురుగా ఉన్నవాళ్ల ముఖాలు చూసి తెలుసుకున్నాను.”

వేదిక మీదున్న పెద్ద అధికారి పెన్ను తీసి రాసుకున్నారు. ఆ ఆఫీసుకు ర్యాంపు వేయిస్తామని అక్కడే మాటిచ్చారు. మేము ఆరేళ్లుగా చట్టంలోని సెక్షన్లు చదివి వినిపిస్తున్నా జరగనిది ఆమె నాలుగు మాటలతో జరిగింది. తిరుగు ప్రయాణంలో, ఇన్నాళ్లకు మనకొక గొంతు దొరికిందని మా డైరెక్టరు గారు సంబరపడ్డారు. నేనూ సంబరపడ్డాను.

ఆ తర్వాత ప్రతి సభకూ ఆమెనే పిలిచాం. చీరాల, గుంటూరు, మళ్లీ ఒంగోలు. పొద్దున్నే బయలుదేరితే ఇంటికి చేరేసరికి పొద్దుగూకేది. మొదట్లో కోటమ్మ తనూ వస్తానంది. సీటు కూడా అక్కర్లేదు, కోడలి కాళ్ల దగ్గర కూర్చుంటానంది. కారులో మా స్టాఫ్, ఫొటోలు తీసే అతను, బ్యానర్లు. “నేను చూసుకుంటానులే పెద్దమ్మా” అన్నాను. ఆమె సరేనంది.

నేను చూసుకోలేదు. కావాలని కాదు. సభ మొదలైతే రిజిస్టర్‌లో సంతకాలు, మైకు, భోజనాలు, వచ్చిన అధికారికి స్వాగతం, అన్నీ నా మీదే. వీల్‌చైర్ కారులో పట్టనప్పుడు అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీలోనే ఆమెను కూర్చోబెట్టేవాళ్లం. దూరం నుంచి చేత్తో సైగ చేసేదాన్ని, ఒళ్లు లేపమని. ఆమె తల ఊపేది. అంతమంది ముందు కుర్చీలో పైకీ కిందకీ లేవడం ఆమెకు సిగ్గని అప్పుడు నాకు తట్టలేదు. గొట్టానికి తగిలించిన మూత్రం సంచి నిండుతుందని పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేసేదని కూడా తర్వాతే తెలిసింది.

సెప్టెంబరులో గుంటూరు నుంచి వస్తుంటే కారులో ఏదో వాసన వచ్చింది. ఏమిటని అడిగితే సంచి లీకై ఉంటుందంది. ఆ వాసన అది కాదని నాకు తెలిసి ఉండాలి. అద్దం కాస్త దించి, తర్వాతి వారం విజయవాడ సభలో ఏం చెప్పాలో ఆమెతో మాట్లాడుతూ కూర్చున్నాను.

విజయవాడలో ఆమె ఎప్పటికన్నా బాగా మాట్లాడింది. కళ్లు ఎర్రగా ఉంటే ఎండదెబ్బ అనుకున్నాను. మర్నాడు పొద్దున శ్రీను ఫోన్ నుంచి కోటమ్మ చేసింది. కోడలు జ్వరంతో కాలిపోతోందని, మాట తడబడుతోందని చెప్పింది. నెల రోజులుగా పిరుదు మీద పుండుందని, నాకు చెప్పొద్దని కోడలు ఒట్టు వేయించుకుందని, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన పౌడరు చల్లుతూ వచ్చానని ఏడుస్తూ చెప్పింది.

గుంటూరులో ఆసుపత్రిలో చేర్పించాం. కట్టు విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఎముక కనిపిస్తోంది. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందని, ఇన్నాళ్లు ఎవరూ చూడలేదా అని డాక్టరు గారు అడిగారు. ఆవిడ కోటమ్మ వైపు చూసి అడిగారు. జవాబు చెప్పాల్సింది నేను.

రెండో వారంలో జ్వరం కాస్త తగ్గి, నాగేంద్రమ్మ తెలివిగా మాట్లాడింది. నాకెందుకు చెప్పలేదని అడిగాను. కోపంగానే అడిగాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

“ఊళ్లో నన్ను చూస్తే అయ్యో అంటారు మేడం. మీటింగుల్లో అట్లా కాదు. నేను చెబుతుంటే రాసుకుంటారు. పుండుందని చెబితే మీరు ఇంట్లో ఉండమంటారు కదా.”

అనేదాన్నే. ఇంట్లో ఉండమనేదాన్ని, ఇంకెవరినో వెతుక్కునేదాన్ని. ఆమెకు మమ్మల్ని గురించి మాకంటే బాగా తెలుసు.

చేర్చిన పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆమె పోయింది. శ్రీను ఆసుపత్రి వరండాలో గోడకానుకుని కూర్చుండిపోయాడు. నన్ను ఏమీ అనలేదు.

పెద్దకర్మ రోజున వాళ్లింటికి వెళ్లాను. తిడతారేమోనని భయపడుతూ వెళ్లాను, తిడితే బాగుండుననీ అనిపించింది. కోటమ్మ నాకు మంచినీళ్లిచ్చి పక్కన కూర్చుంది. నా చెయ్యి పట్టుకుంది.

“నీ తప్పని అననమ్మాయ్. మీటింగుకి పోయినప్పుడు నువ్వు పక్కకు తిప్పుతున్నావనుకున్నా.”

ఆ మాట తర్వాత మా సంస్థలో కొన్ని మారాయి, కొన్నిటిని నేను గొడవపడి మార్పించాను. సభకు మనిషిని పిలిస్తే, ఆ మనిషిని చూసుకునేవాళ్లకు కారులో మొదటి సీటు. చోటు లేకపోతే మా స్టాఫ్ బస్సులో వస్తారు. కుషన్ లేకుండా ఎవరినీ ఎక్కడా కూర్చోబెట్టం. రెండు గంటలు దాటితే పడుకోవడానికి ఒక గది, తలుపుకి గొళ్లెం ఉన్న గది, ముందే మాట్లాడి పెడతాం. పుండు ఉందని చెప్పినవాళ్లను జాబితాలోంచి తీసెయ్యం. వాళ్ల మాటను ఇంటి దగ్గరే రికార్డు చేసి సభలో వినిపిస్తాం. ఇవేవీ పెద్ద విషయాలు కావు. ఆరేళ్లు మెట్ల గురించి పోట్లాడిన నేను, మా వేదిక మీద కూర్చున్న మనిషి కింద ఏముందో వంగి చూడలేదు. హక్కులు అడిగేది కూడా ఒక ఒళ్లేనని, దానికి ఆకలీ దాహమూ పుండ్లూ ఉంటాయని నాకు చెప్పడానికి నాగేంద్రమ్మ పోవాల్సి వచ్చింది.

ఆ ఆఫీసుకు మరుసటి ఏడాది ర్యాంపు వేశారు. మొదట బాగా నిటారుగా కట్టారు. కొలతలు తీసి మళ్లీ అర్జీ పెట్టి, పడగొట్టించి సరిగ్గా వేయించాం. ఇప్పుడు ముసలివాళ్లూ, చంటిపిల్లల తల్లులూ కూడా దాని మీదుగానే వెళ్తున్నారు.

ఇంకొక్కటి చెప్పాలి. ఆమె చనిపోయిన ఏడాదే, డిసెంబరులో వికలాంగుల దినోత్సవానికి నాగేంద్రమ్మ ఫొటో బ్యానర్ మీద వేద్దామని, ఇంటివాళ్ల అనుమతి తీసుకురమ్మని డైరెక్టరు గారు నన్ను పంపారు. వెళ్లాను. శ్రీను పొలంలో ఉన్నాడు. కోటమ్మ మజ్జిగిచ్చింది. మనవరాలి చదువు గురించీ, పత్తికి పట్టిన పురుగు గురించీ మాట్లాడుకున్నాం. గంటసేపు కూర్చుని వచ్చేశాను. వాళ్లు వద్దన్నారని ఆఫీసులో చెప్పాను. ఆయన ఇంకేమీ అడగలేదు.

వాళ్లు వద్దనలేదు. నేను అడగలేదు.