ఎడమ రెక్కలో తెల్ల ఈక

మా వదిన గుడ్డల మిల్లులో తనిఖీ పని చేస్తుంది. ట్యూబులైటు కింద పొడవాటి బల్ల మీద గుడ్డ తాను జారుతూ ఉంటుంది. పోగు తెగిన చోట, రంగు తగ్గిన చోట ఆవిడ సుద్దముక్కతో గీత పెడుతుంది. ఆ గీత పడ్డాక మేనేజరు కూడా నోరెత్తడు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఇంటికొస్తే మాత్రం ఆవిడ మాటకి చిల్లిగవ్వ విలువ లేదు. గోడలకి ఏ రంగు వెయ్యాలో, పై గది ఎవరికి అద్దెకివ్వాలో, ఆఖరికి ఆవిడ జీతంతో ఏ ఫ్రిజ్ కొనాలో అన్నీ మా అన్నయ్యే తేలుస్తాడు. అన్నయ్య నీళ్ళ బిల్లుల ఆఫీసులో సూపరింటెండెంటు. అక్కడ ఆయన్ని పట్టించుకునే నాథుడు లేడు. ఆ కరువంతా ఇంట్లో తీర్చుకుంటాడు.

నేను ఆయన చెల్లెల్ని. మా ఆయన పోయాక ఒక ట్రంకు పెట్టెతో వచ్చి ఈ ఇంట్లో చేరి తొమ్మిదేళ్ళయింది. ముందు గదిలో కిటికీ పక్క మంచం నాది. ఈ సంగతి ఇప్పుడే ఎందుకు చెప్తున్నానంటే, ఆ తర్వాత నా నోరు ఎందుకు పెగల్లేదో మీకు తెలియాలి.

వదినకి ఉన్న ఒకే ఒక్క సరదా పెరట్లో కోళ్ళు. తినడానికి కాదు, గుడ్లు అమ్ముకోవడానికీ కాదు, పందేలకీ కాదు, కోడి అందం చూసి మార్కులేసే పోటీలకి. ఎండ పడితే ఆకుపచ్చగా మెరిసే నల్ల జాతి. ఏ పుంజుకి ఏ పెట్టని జత చెయ్యాలో చూసుకుంటూ, పిల్లల కాళ్ళకి నెంబరు రింగులు తొడుగుతూ, పదకొండేళ్ళు ఆ వంశాన్ని కళ్ళలో పెట్టుకుని పెంచింది. మిల్లు నుంచి రాగానే సంచి కూడా దించకుండా పెరట్లోకి నడిచేది. "మీ పుట్టింటివాళ్ళు పిలుస్తున్నారు, పో" అని అన్నయ్య వెక్కిరించేవాడు. కోడికి స్నానమేమిటని పక్కింటివాళ్ళు ముక్కున వేలేసుకునేవారు.

స్నానమే మరి. పోటీకి రెండు రోజుల ముందు మూడు తొట్లు పెట్టేది. ఒకదాంట్లో సబ్బునీళ్ళు, ఒకదాంట్లో మంచినీళ్ళు, మూడోదాంట్లో కాస్త వెనిగర్ కలిపిన నీళ్ళు. ఆ తర్వాత హెయిర్ డ్రయ్యర్. కాలి పొలుసుల సందుల్లో మట్టిని పుల్లతో తీసి, నెత్తి మీది ఎర్ర జుట్టుకి నూనె రాసేది. కోడిని పట్టుకోవడం నా వంతు. వెచ్చటి గాలి తగిలేసరికి అది నా ఒళ్ళో కళ్ళు మూసుకునేది. ఆ గంటసేపూ వదిన నోటికి తాళం ఉండేది కాదు. ఇంట్లో పొడిపొడిగా మాట్లాడే మనిషి ఈవిడేనా అనిపించేది. ఆ గంట నాక్కూడా చాలా ఇష్టంగా ఉండేది.

పోటీలు పెట్టే సంఘానికి ఒక పద్ధతి ఉంది. వరసగా మూడేళ్ళు మొదటి బహుమతి వస్తే న్యాయనిర్ణేతల పరీక్షకి కూర్చోనిస్తారు. అందులో నెగ్గితే తెల్లకోటు వేసుకుని ఊరూరా పోటీల్లో తీర్పు చెప్పొచ్చు. వదిన కన్ను కప్పు మీద లేదు, ఆ కోటు మీదే ఉంది.

"నేను బాగుందంటే బాగున్నట్టు, లేదంటే లేనట్టు. నలుగురూ నిలబడి వింటారు చిట్టీ" అనేది నాతో.

రెండేళ్ళు గెలిచింది. రెండో ఏడు గెలిచింది కాటుక అనే పెట్ట. న్యాయనిర్ణేతగా వచ్చిన బక్కపలచటి పెద్దాయన కార్డు మీద ఇలా రాశాడు: "ఎడమ రెక్క లోపలి వైపు ఒక తెల్ల ఈక. తక్కినదంతా నిక్షేపంలా ఉంది." అందుకు అర మార్కు తగ్గించాడు. తెల్ల ఈక ఉంటే అది లోపం, అంతే. దాన్ని పీకేస్తే మోసం. పీకారని తేలితే కోడినే కాదు, దాని యజమానిని కూడా పోటీల నుంచి జీవితాంతం వెలివేస్తారు. మూడో ఏడు పాత ఈకలు రాలి కొత్తవి మొలిచినా ఆ ఒక్కటీ మళ్ళీ తెల్లగానే వచ్చింది. "రానీ, పోయేది అర మార్కేగా" అంది వదిన. ఈ నియమం గురించి భోజనాల దగ్గర అన్నయ్యకీ చెప్పింది. ఆయన ఊఁ కొడుతూ ఫోను చూసుకున్నాడు.

ఆ ఏడు పోటీకి అన్నయ్య కూడా తయారయ్యాడు. ఆఫీసుకి కొత్తగా వచ్చిన పై అధికారికి కోళ్ళంటే సరదా అని తెలిసిందట. "మా ఇంట్లో చాంపియన్లున్నాయి సార్" అని గొప్పలు పోయి ఆయన్ని అక్కడికి రమ్మన్నాడు. పదకొండేళ్ళలో పెరటి గడప దాటనివాడు, ఆ పొద్దున్న ఇస్త్రీ చొక్కాతో వచ్చి బుట్టలోంచి కాటుకని తీసి చూశాడు. వదిన లోపల చీర కట్టుకుంటోంది. నేను బుట్ట మీద కప్పడానికి గుడ్డ పట్టుకుని నిలబడ్డాను.

"ఇదేంటే, నల్లదాంట్లో తెల్లది? సార్ చూస్తే పరువు పోదూ" అన్నాడు.

"అన్నయ్యా, ఆగు" అనేలోపే పీకేశాడు. కోడి అరిచింది. ఈకని గోడ అవతల పారేసి, "మీ వదినకి చెప్పకు, రాద్ధాంతం చేస్తుంది" అన్నాడు.

నేను చెప్పలేదు. చెప్పి ఉంటే కాటుకని వదిలేసి దాని చెల్లెల్ని తీసుకెళ్ళేది. రెండిటి పేర్లూ ముందే ఇచ్చి ఉంది, రెండిటికీ స్నానం అయింది. పొద్దున్నే గొడవెందుకులే అని ఊరుకున్నానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. అన్నయ్యకి కోపమొస్తే రేపు నేను ఎక్కడ పడుకోవాలా అని భయపడ్డాను.

పోటీ జరిగే షెడ్డులో వరసలుగా పంజరాలు. అదే పెద్దాయన, అదే తెల్లకోటు. కాటుకని చేతిలోకి తీసుకుని, "ఏదీ మన తెల్ల ఈక?" అని నవ్వుతూ ఎడమ రెక్క విప్పాడు. వెతికాడు. ఈకలు విడదీసి గోటితో తడిమాడు. ఖాళీ గుంట దొరికింది. ఇంకా ఎర్రగా, తడిగా ఉంది. ఆయన మొహంలో నవ్వు పోయింది.

"ఎవరు పీకారమ్మా దీన్ని?"

వదిన ఆ గుంటని చూసింది. తెగిన పోగుని పట్టే కళ్ళు ఆవిడవి. అన్నయ్య వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

పెద్దాయనకి ఆవిడంటే గౌరవం. గొంతు తగ్గించి, "ఇంట్లో ఇంకెవరైనా తెలియక పీకితే చెప్పండమ్మా. వాళ్ళు ఒప్పుకుని సంతకం పెడితే మీకేమీ కాదు. ఈ కోడిని పక్కనపెట్టి రెండోదాన్ని తెప్పించుకోండి, సాయంత్రం దాకా టైముంది" అన్నాడు.

వదిన ఏమీ మాట్లాడకుండా చాలాసేపు ఆగింది. అన్నయ్య తన అధికారి పక్కన బెల్లం కొట్టిన రాయిలా నిలబడి, జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. నేను నేల చూపులు చూశాను. సిగ్గుతో చచ్చిపోవాల్సిన మాట, కానీ అదే చేశాను.

"నేనే పీకానండీ" అంది వదిన. వాళ్ళిచ్చిన కాగితం మీద సంతకం పెట్టి, కోడిని బుట్టలో పెట్టుకుంది.

ఇంటికొచ్చే దారిలో ఆటోలో అన్నయ్య అన్న మాట విన్నారా. "అయినా సంతకం పెట్టేముందు నన్నొక మాట అడగొద్దూ?"

వారం తిరక్కుండా వదిన కోళ్ళన్నిటినీ సంఘంలో ఒకావిడకి ఇచ్చేసింది. గూడున్న చోట అన్నయ్య స్కూటరు పెట్టుకుంటున్నాడు. వదిన ఎప్పటిలాగే మిల్లుకి వెళ్తుంది, వస్తుంది. నన్ను ఒక్క మాట అనలేదు. నాతో మాటలు తగ్గించనూ లేదు. నన్ను తినేసింది అదే. నెల్లాళ్ళు చూసి, ఒక ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో ఆవిడ ఒక్కతే ఉన్నప్పుడు వెళ్ళాను.

"వదినా, అన్నయ్య పీకడం నేను చూశాను. భయపడి చెప్పలేదు" అన్నాను.

"తెలుసు" అంది వదిన, గిన్నె మీద మూత సర్దుతూ. "ఆయన చెప్పడని నాకు పెళ్ళయిన ఏడాదే తెలిసిపోయింది. ఆ రోజు అక్కడ నేను ఆగింది నువ్వు నోరు విప్పుతావని."

అలా అని, అన్నం చల్లారిపోతోంది, తిందాం రమ్మంది.