అత్త ఉమ్మేయని కాఫీ

మూడు రోజులుగా మా అత్త అన్నం ముట్టడం లేదు. కాఫీ ఒక్కటే అడుగుతోంది, ఇస్తే ఒక గుక్క తాగి ఉమ్మేస్తోంది. పొడి మార్చాను, ఫిల్టర్ చిల్లులన్నీ సూదితో పొడిచి కడిగాను. అయినా డికాక్షన్ ఉప్పగానే దిగింది. వానల్లేక మంచినీళ్ల బావి ఎండిపోయాక కుందుర్పిలో మాకు దిక్కు ఉప్పు బోరే.

ఈ పొద్దున ఏడుపొచ్చి పొయ్యి ముందే కూర్చుండిపోయాను. పక్కింటి లక్ష్మక్క చూసి, రెండు మైళ్లు నడిచి తెచ్చుకున్న తోటబావి నీళ్లు గ్లాసెడు పోసింది.

"వద్దక్కా, మీ పిల్లోళ్లకు?" అన్నాను.

"మళ్లీ పోతాలే. ముందు ముసలామెకు కాపీ పెట్టు."

ఈసారి డికాక్షన్ చిక్కగా, కమ్మగా దిగింది. అత్త చివరి చుక్క దాకా తాగి, "ఇంగొంచెం ఉండాదా?" అంది.

"ఉండాది" అని అబద్ధం చెప్పి, బిందె తీసుకుని లక్ష్మక్క వెంట నడిచాను. మీరైతే ఏం చెప్పేవారు?