మా పేదరికం చూడటానికి వచ్చిన అతిథి

మా చెల్లెలి మనవరాలికి ఐర్లండులో పశుపోషణ మీద పై చదువుకు సీటు వచ్చింది. సీటు రావడం వరకు బాగానే ఉంది. బ్యాంకు వాళ్ళు ఫీజులో సగానికి అప్పు ఇస్తామన్నారు. మిగతా సగానికి పొలం చూపిస్తే, వానకు పండే బేస్తవారిపేట మెట్టను చూసి తల అడ్డంగా ఊపారు. గొర్రెల మంద అమ్మేద్దామన్నాడు చెల్లెలి మొగుడు, మా బావ. మంద అమ్మితే ఇంటిల్లిపాదీ తినేదేమిటని పిల్లే వద్దంది.

ఆ పిల్లే వెతికి వెతికి హైదరాబాదులో ఒక ట్రస్టును పట్టుకుంది. పేద కుటుంబాల పిల్లలకు మిగతా ఫీజు వాళ్ళు కడతారు. పరీక్ష అయింది, ఇంటర్వ్యూ అయింది. ఇక వాళ్ళ మనిషి ఒకరు ఇంటికి వచ్చి, కుటుంబానికి నిజంగా అవసరం ఉందో లేదో చూసి రాసుకుపోవాలి. ఆయన ఉందంటే పిల్ల వెళుతుంది, లేదంటే సీటు పోతుంది.

నేను రెవెన్యూలో పనిచేసి రిటైరైనవాణ్ణి. రేషను కార్డుల తనిఖీకి ఎన్నో ఇళ్ళు తిరిగాను. వచ్చినవాడి కన్ను మొదట ఫ్రిజ్ మీద పడుతుందని, తర్వాత ఆడవాళ్ళ మెడ మీద పడుతుందని నాకు తెలుసు. అందుకే ముందురోజే మార్కాపురం నుంచి బస్సెక్కి ఊరికి పోయి చెల్లెలికి చెప్పాను.

"ఉన్నది ఉన్నట్టు ఉంచు. ఏదీ దాయొద్దు, ఏదీ చేర్చొద్దు."

"అట్లనే అన్నా" అంది. ఆ రాత్రి ఇంటికొచ్చి డైరీలో 'చెల్లెలికి వివరంగా చెప్పాను, అర్థం చేసుకుంది' అని రాసుకున్నాను. యాభై ఏళ్ళుగా డైరీ రాస్తున్నాను, అంత తొందరపాటు వాక్యం ఇంకొకటి రాయలేదు.

మర్నాడు ట్రస్టు కుర్రాణ్ణి మార్కాపురం బస్టాండులో కలుసుకుని ఆటోలో తీసుకుపోయాను. ముప్ఫై ఏళ్ళుంటాయి, నెమ్మదైన మనిషి. మా చెల్లెలి వాకిట్లో అడుగు పెట్టాం.

రేకుల వసారాలో ఎర్ర సోఫా. గోడ పక్కన రెండు తలుపుల ఫ్రిజ్. మా చెల్లెలు పట్టుచీర కట్టి, మెడలో మూడు పేటల గొలుసు వేసుకుని ఎదురొచ్చింది. లోపల్నుంచి మాంసం ఉడుకుతున్న వాసన. మనవరాలు స్తంభాన్ని పట్టుకుని, ఇప్పుడే ఏడుస్తానన్నట్టు నిలబడి ఉంది.

చెల్లెల్ని పక్కకు లాగాను. "ఏందే ఇది?"

"ఏంది అంటే? తొలిసారి మనింటికొచ్చే సారును నులకమంచం మీద కూసోబెట్టమంటావా? ఊళ్ళో నా మొకమేం గాను?"

"ఆయన వచ్చింది మనకు లేదని చూసుకోడానికే!"

"లేకుంటే మాత్రం, లేనట్టు కనపడాల్నా?"

కుర్రాడు సోఫాలో కూర్చుని కాగితం తీశాడు. "ఫ్రిజ్ ఎప్పుడు కొన్నారండీ?"

"మొన్ననే నాయనా" అంది చెల్లెలు, గర్వంగా.

ఆయన రాసుకున్నాడు. నేను గట్టిగా దగ్గాను. అప్పుడే పక్కింటి కోడలు గిన్నె పట్టుకుని వచ్చింది. "అత్తా, ఫ్రిజ్ ఎత్తకొచ్చేటప్పుడు దోసెపిండి దాంట్లోనే ఉండిపోయింది. కరెంటు పెట్టలేదంట కదా, పులిసిపోతాది" అని తలుపు తెరిచి పిండి తీసుకుని పోయింది. కుర్రాడు రాసింది కొట్టేశాడు.

ఇంతలో వాకిట్లో ట్రాలీ ఆటో ఆగింది. నలుగురు దిగి వరసగా నిలబడ్డారు.

"ఏం కావాల?" అన్నాడు మా బావ.

"ఏం లేదు మామా. మా ఇంటికి పెండ్లిచూపులోళ్ళు వస్తాండారు, సోఫా కావాల. సారును నిదానంగానే లెయ్యమను, తొందరేం లేదు" అన్నారు. తొందర లేదంటూనే నాలుగు మూలలా వంగారు.

కుర్రాడు లేచి నిలబడ్డాడు. నిలబడి ఊరుకోలేదు, గడప దగ్గర ఇరుక్కుంటే తానూ ఒక చెయ్యి వేసి సోఫాను ఆటో దాకా మోసి వచ్చాడు.

తర్వాత చాప వేసి భోజనం పెట్టారు. సంగటి, పొట్టేలు కూర, అలసంద వడలు. మా చెల్లెలు కూర వడ్డిస్తుంటే ఎదురింటి పిల్ల పరుగెత్తుకొచ్చింది.

"పిన్నీ, గిద్దలూరు బస్సు వస్తాంది! గొలుసు ఇయ్యి, పెండ్లికి బోసిమెడతో పోవాల్నా?"

మా చెల్లెలు కుడిచేతి గరిటె ఆపకుండా, ఎడమచేత్తో గొలుసు తీసి ఇచ్చింది. ఇస్తూనే "ఈ పిల్లకు నా గొలుసంటే శానా ఇష్టం నాయనా, అందుకే ఇస్తాండా" అంది. మా బావ తల వంచుకుని, భుజాలు కదలకుండా నవ్వడానికి తంటాలు పడుతున్నాడు.

కుర్రాడు చెయ్యి కడుక్కుని అడిగాడు. "అమ్మా, ఇప్పుడు ఇల్లు చూడొచ్చా?"

చూడటానికి ఎంతోసేపు పట్టలేదు. రెండు గదులు, నులకమంచం, దండెం మీద దుప్పట్లు. కొడుకు, కోడలు, అంటే పిల్ల అమ్మానాన్న, మందతో యర్రగొండపాలెం వైపు మేతకు పోయారని బావ చెప్పాడు. కుర్రాడు చెల్లెలి ముందు నిలబడ్డాడు.

"అమ్మా, మీ నోటితో చెప్పాలి. మిగతా ఫీజు మీరు కట్టగలరా?"

మా చెల్లెలు నా వైపు చూసింది. మనవరాలి వైపు చూసింది. పుట్టి బుద్ధెరిగాక మా చెల్లెలు తన దగ్గర లేదని ఒకరికి చెప్పగా నేను వినలేదు. పొయ్యి మీదికి బియ్యం లేని రోజున కూడా, ఆకలిగా లేదు కాబట్టి వండలేదని చెప్పే మనిషి.

"కట్టలేం నాయనా" అంది, మెల్లగా. వెంటనే "ఇంకో వడ తిను" అని ఆయన చేతిలో పెట్టింది.

కొన్ని వారాలకు ట్రస్టు నుంచి ఈమెయిలు వచ్చింది. మిగతా ఫీజంతా వాళ్ళే కడతారు. మనవరాలు ఫోనులో ఏడుస్తూ నవ్వుతూ చదివి వినిపించింది. ఫోను మా చెల్లెలు లాక్కుంది.

"అన్నా, ఆయప్ప మేం పేదోళ్ళమని రాసినాడా?"

"రాసినాడు. అట్ల రాస్తేనే గదా డబ్బు."

"పొట్టేలు కూర సంగతి?"

"అదెందుకు రాస్తాడే?"

"రెండుసార్లు ఏయించుకున్న్యాడు" అంది. "పిల్ల పోయేనాడు ఆయప్పను మళ్ళీ పిలుద్దాం. ఈసారి సోఫా రెండు రోజులకు అడుగుతా."